ఫార్మాట్ కొట్టే ముందు పది నిమిషాలు: కర్నూలు కంప్యూటర్ షాపులవారికి బహిరంగ లేఖ

కర్నూలులో కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మే, రిపేరు చేసే షాపుల యజమానులకు, టెక్నీషియన్ అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఈమధ్య మీ దగ్గరికి, కంప్యూటర్ తెర మీద విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ల గురించి ఒక కొత్త రకం కంప్లయింటు వస్తోంది. కుర్రాడు బండి మీద సీపీయూ పెట్టుకుని వస్తాడు. "అన్నా, ఫ్లైట్ సిమ్యులేటర్ బాగానే నడుస్తోంది. దానికి కొత్త విమానం వేద్దామంటే మాత్రం సిమ్యులేటరే కనపడలేదు అంటోంది" అంటాడు. కౌంటర్ ముందు ఇంకో నలుగురు ప్రింటర్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకుని నిలబడి ఉంటారు. మీకు తీరిక ఉండదు. "విండోస్ కరప్ట్ అయ్యుంటుంది, ఫార్మాట్ కొట్టిస్తా, సాయంత్రం రా" అనేస్తారు. ఈ లేఖ ఆ ఒక్క మాట గురించే. ఆ మెసేజ్‌కు ఫార్మాట్ మందు కాదు. నేను చూసిన చాలా కేసుల్లో ఆ మెసేజ్ వచ్చిందే అంతకుముందు కొట్టిన ఫార్మాట్ వల్ల.

నేను మీ వృత్తిలో లేను. ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూసుకునే ఉద్యోగం నాది. సాయంత్రాలు సిమ్యులేటర్‌లో విమానాలు నడుపుతాను. ఊళ్లో ఇదే పిచ్చి ఉన్న కుర్రాళ్లు కొందరు ఇబ్బంది వచ్చినప్పుడు నాకు ఫోన్ చేస్తారు, లేదంటే పీసీ తీసుకుని ఇంటికే వస్తారు. చాలామంది మీ షాపుల మీదుగానే వస్తారు, అందుకే ఈ ఉత్తరం మీకు.

ఈ పిచ్చి ఇక్కడ ఎందుకు పెరిగిందో మీకు తెలియనిది కాదు. 2021 మార్చిలో ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎయిర్‌పోర్టు మొదలైంది. బెంగళూరు, చెన్నై, విశాఖలకు ఇండిగో ఏటీఆర్ విమానాలు ఎగిరాయి. హైవే మీద బస్సులో పోతూ విమానం దిగడం చూసిన పిల్లలకు ఆ రన్‌వే మీద తామూ దిగాలనిపించడంలో వింతేముంది? కానీ తక్కువ కాన్ఫిగరేషన్ పీసీల్లో ఇప్పటికీ నడిచేది 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్, అందరూ ఎఫ్‌ఎస్‌ఎక్స్ అని పిలిచేది. దాంట్లో ఓర్వకల్లు సంగతి అటుంచి శంషాబాద్ కూడా లేదు, అది 2008లో తెరిచారు మరి. ఆ సిమ్యులేటర్ లోకంలో హైదరాబాద్ అంటే ఇంకా బేగంపేటే. కొత్త రన్‌వేలు కావాలన్నా, కొత్త విమానాలు కావాలన్నా బయట నుంచి యాడ్‌ఆన్‌లు అనే అదనపు భాగాలు తెచ్చి వేసుకోవాల్సిందే. తకరారు వచ్చేది అక్కడే.

ముందు ఆ మెసేజ్ ఏమంటోందో చూద్దాం. యాడ్‌ఆన్ ఇన్‌స్టాలర్ హార్డ్ డిస్క్ అంతా గాలించదు. తయారుచేసినవాళ్లు దానికి ఒకటో రెండో చోట్లు చెప్పి పెడతారు. సిమ్యులేటర్ ఫలానా ఫోల్డర్‌లో ఉంది అని అక్కడ రాసి ఉంటే సరే, లేకపోతే 'సిమ్యులేటర్ ఇన్‌స్టాల్ కాలేదు' అని తేల్చేస్తుంది. ఇల్లు మారినవాళ్ల పాత గుమ్మం ముందు నిలబడి, రెండుసార్లు తలుపు కొట్టి, 'పార్టీ అడ్రసులో లేరు' అని రాసుకుని పార్సిల్ వెనక్కి పంపే కొరియర్ కుర్రాడికీ దీనికీ తేడా లేదు. సిమ్యులేటర్ డి డ్రైవ్‌లో చక్కగా ఉంటుంది, ఐకాన్ నొక్కితే ఇంజన్ చప్పుడు కూడా వినపడుతుంది. లేనిది ఆ రాత ఒక్కటే.

ఆ రాత ఉండే చోటు ఒక్కో సిమ్యులేటర్‌కు ఒక్కో రకం.

ఎఫ్‌ఎస్‌ఎక్స్‌ది రెజిస్ట్రీలో, అంటే విండోస్ ప్రోగ్రాముల వివరాలు రాసిపెట్టుకునే చిట్టాలో ఉంటుంది. హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో సాఫ్ట్‌వేర్ కింద మైక్రోసాఫ్ట్, దాని కింద మైక్రోసాఫ్ట్ గేమ్స్, ఫ్లైట్ సిమ్యులేటర్, 10.0. అక్కడ 'సెటప్‌పాత్' అనే విలువలో ఫోల్డర్ పేరు ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది, మీరు రోజూ రెజిస్ట్రీలో చెయ్యి పెట్టేవాళ్లే కాబట్టి చెబితే వెంటనే పట్టేస్తారు. ఎఫ్‌ఎస్‌ఎక్స్ 32 బిట్ ప్రోగ్రాము. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో అలాంటివాటి రాతలు సాఫ్ట్‌వేర్ కింద నేరుగా ఉండవు, వావ్6432నోడ్ అనే విడి అరలో ఉంటాయి. ఒక కుర్రాడు ఎవరో పంపిన రెజ్ ఫైలు డబుల్ క్లిక్ చేశాడు. 'విజయవంతంగా చేర్చాం' అని విండోస్ చెప్పింది. ఇన్‌స్టాలర్ మాత్రం అదే పాట. తెరిచి చూస్తే సెటప్‌పాత్ ఉంది, ఫోల్డర్ పేరులో అక్షరం తప్పు లేదు, ఉన్నది మాత్రం 64 బిట్ అరలో. 32 బిట్ ఇన్‌స్టాలర్ ఆ అర వైపు తిరిగి కూడా చూడదు. అదే విలువను వావ్6432నోడ్ కింద పెట్టగానే పని అయిపోయింది.

ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లోనే ఇంకొకటి ఉంది, 2014 డిసెంబర్‌లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో వచ్చిన ఎడిషన్. డీవీడీల వెర్షన్ ముందే ఉన్న పీసీలో దీన్ని వేస్తే ఇది వేరే పేరుతో రాసుకుంటుంది. 2014కు ముందు తయారైన ఇన్‌స్టాలర్లకు ఆ పేరు తెలిసే అవకాశమే లేదు. లాక్‌హీడ్ మార్టిన్ వాళ్ల ప్రిపేర్‌త్రీడీ అనే ఇంకో సిమ్యులేటర్ కూడా రెజిస్ట్రీలోనే, కంపెనీ పేరు కింద వెర్షన్ నంబరుతో రాసుకుంటుంది. వెర్షన్ 4 కోసం చేసిన ఇన్‌స్టాలర్ వెర్షన్ 5 ఉన్న పీసీలో 4 కోసమే వెతుకుతుంది.

ఎక్స్-ప్లేన్ అనే మరో సిమ్యులేటర్‌కు రెజిస్ట్రీతో పనే లేదు. ఆ ఫోల్డర్‌ను ఎక్కడ పెట్టినా నడుస్తుంది, పోర్టబుల్ హార్డ్ డిస్క్ మీద పెట్టినా సరే. దాని రాత అంతా ఒక మామూలు నోట్‌ప్యాడ్ ఫైలు. యూజర్ ఫోల్డర్‌లో దాగి ఉండే యాప్‌డేటా, అందులో లోకల్, అక్కడ 'ఎక్స్-ప్లేన్ ఇన్‌స్టాల్ 12' అన్న పేరుతో, మధ్యలో అండర్‌స్కోర్లతో ఉంటుంది. లోపల వరుసకు ఒక ఫోల్డర్ పేరు. ఎప్పుడో తీసేసిన పాత కాపీ పేరు కూడా అందులో అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే ఎక్స్-ప్లేన్‌ను తీసేయడం అంటే ఫోల్డర్‌ను డిలీట్ చేయడమే, ఆ ఫైలు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇన్‌స్టాలర్ మొదటి వరుస చదివి, ఆ ఫోల్డర్ లేకపోతే అక్కడే ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. పాత వరుస కొట్టేస్తే చాలు. ఫైలే లేకపోతే ఎక్స్-ప్లేన్ సొంత ఇన్‌స్టాలర్‌ను ఒకసారి నడిపి, ఉన్న కాపీని అప్‌డేట్ చేయమంటే అదే రాసుకుంటుంది. చేత్తో రాసేవాళ్లు ఒకటి చూసుకోవాలి. విండోస్ ఎక్స్‌టెన్షన్లను దాచిపెడుతుంది కాబట్టి ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ రెండుసార్లు పడుతుంది. కంటికి పేరు సరిగ్గానే ఉన్నట్టుంటుంది, ప్రోగ్రాముకు మాత్రం అది వేరే ఫైలు.

2020 ఆగస్టులో వచ్చిన కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌ది ఇంకో పద్ధతి. 'యూజర్‌సీఎఫ్‌జీ.ఓపీటీ' అనే ఫైలులో, అడుగున ఉండే 'ఇన్‌స్టాల్డ్ ప్యాకేజెస్ పాత్' అన్న వరుస. ఆ వరుసలో ఉన్న ఫోల్డర్‌లోనే 'కమ్యూనిటీ' అనే ఫోల్డర్ ఉంటుంది, యాడ్‌ఆన్‌లు వెళ్లి పడాల్సింది అందులో. ఈ ఫైలు కూడా మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొన్నవాళ్లకు ఒకచోట, స్టీమ్‌లో కొన్నవాళ్లకు ఇంకోచోట ఉంటుంది. స్టోర్ వెర్షన్‌కు యాప్‌డేటాలో లోకల్ కింద ప్యాకేజెస్ ఫోల్డర్‌లో, స్టీమ్ వెర్షన్‌కు యాప్‌డేటాలో రోమింగ్ కింద. 'స్టోరా, స్టీమా' అని ఇన్‌స్టాలర్ అడిగితే కొన్నవాడిని అడక్కుండా నొక్కకండి. 2024 నవంబర్‌లో 2024 వెర్షన్ వచ్చాక మరో చిక్కు మొదలైంది. అంతకుముందు తయారైన ఇన్‌స్టాలర్లకు అలాంటిదొకటి ఉందని తెలియదు. సిమ్యులేటర్ లోపలి మార్కెట్‌ప్లేస్‌లోనే కొన్నవాటికి ఈ బాధలేవీ లేవు, వాటిని సిమ్యులేటరే దించుకుంటుంది కాబట్టి. బయట కొన్నవాటికి, ఉచితంగా దొరికేవాటికే ఈ గొడవ.

ఇప్పుడు ఫార్మాట్ సంగతికి వద్దాం. రెజిస్ట్రీ ఉండేది సి డ్రైవ్‌లో. యాప్‌డేటా ఉండేదీ సి డ్రైవ్‌లోనే. మీరు సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టి "నీ డేటా అంతా డి లో సేఫ్‌గా ఉందిలే" అని ఇచ్చినప్పుడు అది అబద్ధం కాదు. వంద జీబీ సిమ్యులేటర్ డి డ్రైవ్‌లో సేఫ్‌గానే ఉంటుంది. అది అక్కడ ఉందని చెప్పే రాతలన్నీ మాత్రం ఒక్క దెబ్బకు పోతాయి. అంటే, అప్పటిదాకా ఒక్క యాడ్‌ఆన్‌కే కనపడని సిమ్యులేటర్ ఇప్పుడు ఏ యాడ్‌ఆన్‌కూ కనపడదు.

కల్లూరు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. షాపు పేరు నేను రాయను, అది ముఖ్యం కాదు. స్టోర్ వెర్షన్ సిమ్యులేటర్, సరుకంతా డి డ్రైవ్‌లో. ఫార్మాట్ అయ్యాక యాడ్‌ఆన్ పాత మెసేజే ఇచ్చింది. మళ్లీ తీసుకెళ్తే "డి లో ఉన్నది కరప్ట్ అయింది, అది డిలీట్ చేసి మొత్తం మళ్లీ డౌన్‌లోడ్ చేసుకో" అన్నారట. వాడింట్లో ఫైబర్ లేదు, ఫోన్‌లో రోజుకు రెండు జీబీల ప్యాక్. వంద జీబీ అంటే యాభై రోజులు, అదీ వాడు వేరే వీడియో ఒక్కటి కూడా చూడకుండా ఉంటే. ఫైబర్ ఉన్న ఇంట్లో కూడా, 40 ఎంబీపీఎస్ కనెక్షన్ రాత్రంతా పూర్తి స్పీడుతో నడిస్తే ఐదారు గంటల పని, మధ్యలో కరెంటు పోకపోతే. డిలీట్ కొట్టడానికి చేయి రాక నా దగ్గరికి వచ్చాడు. చేసింది ఏమీ లేదు. స్టోర్ నుంచి సిమ్యులేటర్ చిన్న ప్రోగ్రామును మళ్లీ వేసి తెరిచాం. సరుకు ఎక్కడ పెట్టాలి అని అడిగినప్పుడు డి లో ఉన్న పాత ఫోల్డర్‌నే చూపించాం. ఉన్న ఫైళ్లను సరిచూసుకుని లేనివి నాలుగు దించుకుంది, యూజర్‌సీఎఫ్‌జీ ఫైలు దానంతటదే పుట్టింది. ఆ తర్వాత యాడ్‌ఆన్ ఇన్‌స్టాలర్ మెసేజే లేకుండా ఎక్కింది.

అందులోంచి మీకు పనికొచ్చే మాట ఒకటుంది. విండోస్ కొత్తగా వేసిన పీసీలో యాడ్‌ఆన్ వేసే ముందు సిమ్యులేటర్‌ను ఒకసారి తెరిచి, మెనూ దాకా వెళ్లి, మూసేయండి. ఈ రాతల్లో కొన్ని ఇన్‌స్టాల్ అప్పుడు కాదు, మొదటిసారి నడిచినప్పుడే పుడతాయి. ఎఫ్‌ఎస్‌ఎక్స్ సెట్టింగుల ఫైలూ అంతే. స్టీమ్‌లో అయితే స్టోరేజ్ సెట్టింగుల్లో డి డ్రైవ్ లైబ్రరీ ఫోల్డర్‌ను మళ్లీ చేరిస్తే చాలు, ఉన్న గేమును గుర్తుపడుతుంది.

రెండోది అడ్మిన్ పాస్‌వర్డ్ వ్యవహారం. దీన్ని పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఒక కాలేజీ ల్యాబ్‌లో ఇది జరిగింది. పిల్లల అకౌంట్లు మామూలువి, ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా ల్యాబ్ చూసుకునేవారు వచ్చి తన అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి. ఎఫ్‌ఎస్‌ఎక్స్ యాడ్‌ఆన్ ఎక్కింది. అదే పీసీలో, అదే పూట, ఎక్స్-ప్లేన్‌ది మాత్రం సిమ్యులేటర్ లేదంది. వైరస్ అన్నారు, ర్యామ్ అన్నారు. అసలు సంగతి ఏమిటంటే, ఆయన పాస్‌వర్డ్ కొట్టగానే ఆ ఇన్‌స్టాలర్ ఆయన అకౌంట్ కింద నడవడం మొదలుపెట్టింది. యాప్‌డేటా అన్నప్పుడు అది చూసింది పిల్లవాడి యాప్‌డేటా కాదు, ఆయనది. ఆయన జన్మలో ఎక్స్-ప్లేన్ తెరవలేదు, అక్కడ ఏముంటుంది? ఎఫ్‌ఎస్‌ఎక్స్ రాత లోకల్ మెషీన్ అరలో, అన్ని అకౌంట్లకూ ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి దానికి ఇబ్బంది రాలేదు.

మీ షాపుల్లో ఇదే ఇంకో రూపంలో జరుగుతోంది. చాలామంది మీరు అమ్మే పీసీల్లో మీ షాపు పేరుతో ఒక అడ్మిన్ అకౌంట్ పెట్టి, కస్టమర్‌కు మామూలు అకౌంట్ ఇస్తారు. పిల్లలు పీసీని పాడుచేయకుండా ఉండడానికి అది మంచి పద్ధతే, వద్దనను. కానీ యాడ్‌ఆన్ వేసేటప్పుడు మీ పాస్‌వర్డ్ కొట్టి వేయకండి. ఆ కుర్రాడి అకౌంట్‌కే కాసేపు అడ్మిన్ హక్కు ఇచ్చి, ఒకసారి లాగౌట్ చేసి లాగిన్ అయ్యి, వేసేసి, మళ్లీ తీసేయండి. విండోస్ 'అవును, కాదు' అని మాత్రమే అడిగితే అదే అకౌంట్‌లో నడుస్తున్నట్టు, పాస్‌వర్డ్ అడిగితే వేరే అకౌంట్‌లోకి పోతున్నట్టు. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే సగం కేసులు మీ కౌంటర్ దగ్గరే తేలిపోతాయి.

మూడోది మన భాషతో వచ్చిన ఇబ్బంది. ఈమధ్య విండోస్ తెలుగులో పెట్టుకునేవాళ్లు పెరిగారు, సంతోషమే. కొత్త పీసీ ఆన్ చేసి పేరు అడిగినప్పుడు మీవాళ్లెవరో ముచ్చటపడి 'శ్రీను' అని తెలుగులో కొట్టారు. యూజర్స్ కింద శ్రీను అనే ఫోల్డర్ పుట్టింది. రోజువారీ పనులకు ఏమీ కాలేదు. ఓ పాత యాడ్‌ఆన్ వేసినప్పుడు ఎర్రర్ పెట్టెలో ఇలా కనపడింది: సి డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత వరుసగా ఆరు ప్రశ్నార్థకాలు, ఆ తర్వాత యాప్‌డేటా. మనకు శ్రీను అంటే రెండక్షరాలు. కంప్యూటర్ లోపల శ, పొల్లు, ర, దీర్ఘం, న, కొమ్ము కలిసి ఆరు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాములు విండోస్ ఇచ్చే కోడ్‌పేజీని, అంటే ఒక అక్షరాల పట్టికను, చూసి చదువుతాయి, అలా వాడే పట్టికల్లో తెలుగుది లేదు, అందుకని ఆరింటినీ ఆరు ప్రశ్నార్థకాలు చేసి, ఆ పేరుతో ఫోల్డర్ లేదని చేతులెత్తేసింది. సెట్టింగుల్లోకి వెళ్లి అకౌంట్ పేరు ఇంగ్లీషులోకి మార్చినా ఆ ఫోల్డర్ పేరు మారదు, చాలామంది అక్కడ మోసపోతారు. ఇంగ్లీషు అక్షరాలతో ఇంకో అకౌంట్ తయారుచేసి, సిమ్యులేటర్‌ను అందులో తెరవడమే నికరమైన దారి. రీజియన్ సెట్టింగుల్లో యూటీఎఫ్-8 అని ఒక బీటా టిక్కు ఉంది. దాంతో కొన్ని పనిచేస్తాయి, ఇంకొన్ని పాత ప్రోగ్రాములు కొత్తగా చెడతాయి, నేనైతే దాని జోలికి పోను. డి డ్రైవ్‌లో 'ఆటలు' అని తెలుగులో ఫోల్డర్ పెట్టి అందులో సిమ్యులేటర్ వేసినవాళ్లకూ ఇదే గతి.

తెలుగు పేరు పెట్టుకోవడం తప్పని నేను ఒప్పుకోను. తప్పు ఆ ప్రోగ్రాము రాసినవాళ్లది. 2020 తర్వాత కూడా, ఊరు ఊరంతా స్మార్ట్‌ఫోన్‌లో తెలుగు కొడుతున్న కాలంలో, ఒక అమ్ముకునే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ఫోల్డర్ చదవడం రాకపోతే అది వాళ్ల బద్ధకం. అసలు ఆ మాటకొస్తే, 'మాకు దొరకలేదు, ఎక్కడుందో మీరే చూపించండి' అని ఒక బ్రౌజ్ బటన్ పెడితే ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు. కొందరు పెట్టారు. పెట్టనివాళ్లు కనీసం తాము ఎక్కడ వెతికారో ఆ మెసేజ్‌లో రాసినా మనకు సగం పని తగ్గేది. వాళ్లకు ఇంగ్లీషులో వేరే ఉత్తరాలు రాస్తూనే ఉన్నాం. ఈలోగా పీసీ వచ్చేది మీ కౌంటర్‌కే కదా.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ యాడ్‌ఆన్‌లలో ఎక్కువ భాగం వట్టి ఫోల్డర్లు. ఇన్‌స్టాలర్ మొండికేస్తే ఆ ఫోల్డర్‌ను కమ్యూనిటీలో చేత్తో పెట్టేయొచ్చు. జిప్ విప్పినప్పుడు ఫోల్డర్‌లో ఫోల్డర్ ఏర్పడితే మాత్రం సిమ్యులేటర్‌కు కనపడదు, మేనిఫెస్ట్ అనే ఫైలు మొదటి ఫోల్డర్‌లోనే కనపడాలి. కమ్యూనిటీ ఎక్కడుందో తెలియకపోతే సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, పైన టూల్స్ మెనూలో వర్చువల్ ఫైల్ సిస్టమ్ లోపలికి వెళ్తే దాన్ని తెరిచే ఆప్షన్ ఉంటుంది. వన్‌డ్రైవ్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను తన కిందికి లాక్కున్న పీసీల్లో ప్రిపేర్‌త్రీడీ యాడ్‌ఆన్‌లు తప్పిపోతాయి. ఇన్‌స్టాల్ అంతా బాగానే అయ్యి, నడిపేటప్పుడు 'సిమ్యులేటర్ కోసం వేచి ఉన్నాం' అని నిలబడిపోతే అది వేరే జబ్బు. అక్కడ చూడాల్సింది సిమ్‌కనెక్ట్, అంటే సిమ్యులేటర్‌కూ యాడ్‌ఆన్‌కూ మధ్య మాటలు మోసే భాగం. సిమ్యులేటర్‌ను మామూలుగా, యాడ్‌ఆన్‌ను అడ్మిన్‌గా నడుపుతున్నారేమో చూడండి, రెండూ ఒకే పద్ధతిలో నడవాలి. పాత ఎఫ్‌ఎస్‌ఎక్స్ యాడ్‌ఆన్‌లకైతే సిమ్‌కనెక్ట్ పాత వెర్షన్ కూడా విడిగా వేయాల్సి రావచ్చు.

ఇంకొకటి, కాస్త మొహమాటంగానే అడుగుతున్నాను. పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీ సిమ్యులేటర్‌ను ఫోల్డర్‌కు ఫోల్డర్ ఎక్కించి "ఫ్రీగా వేశాం" అని ఇవ్వకండి. అది నడుస్తుంది, కానీ ఫోల్డర్‌తో పాటు రెజిస్ట్రీ రాదు. ఆ తర్వాత ఆ కుర్రాడు డబ్బులు పెట్టి కొన్న అసలు యాడ్‌ఆన్ దాని మీద ఎక్కదు. తిట్లు మాత్రం యాడ్‌ఆన్ తయారుచేసినవాడికి పడతాయి.

మీ నుంచి నేను కోరేవి పెద్ద పనులు కావు. ఈ మెసేజ్‌తో పీసీ వస్తే ముందు ఏ సిమ్యులేటర్, ఏ డ్రైవ్‌లో, ఎక్కడ కొన్నది, ఇంతకుముందు ఎప్పుడైనా ఫార్మాట్ అయిందా అని అడగండి. కుర్రాడిని బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా మీ పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ ఫోల్డర్ ఎక్కడుందో వాడికి తెలిసినంత మీకూ నాకూ తెలియదు. కొత్త పీసీకి పేరు పెట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. 128 జీబీ ఎస్‌ఎస్‌డీని సి డ్రైవ్‌గా పెట్టి సిమ్యులేటర్ ఆడేవాడికి అమ్మకండి. విండోస్, అప్‌డేట్‌లు పోను మిగిలేది చాలక వాడు ఫోల్డర్లను డి లోకి కట్, పేస్ట్ చేస్తాడు, రాతలు పాత చోటునే చూపిస్తుంటాయి, మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

నిజంగానే విండోస్ పాడై ఫార్మాట్ తప్పదనుకోండి, కొట్టండి. ముందు ఒక్కటి చూడండి. ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు మార్చకపోతే కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ తన సరుకంతా సి డ్రైవ్‌లో దాగి ఉండే యాప్‌డేటాలోనే పెట్టుకుంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కాపీ చేసుకుని ఫార్మాట్ కొడితే ఆ వంద జీబీ, కమ్యూనిటీలో కొని పెట్టుకున్న విమానాలతో సహా గాలికి పోతుంది. యూజర్‌సీఎఫ్‌జీ ఫైలు తెరిచి అడుగు వరుస చదవడానికి అర నిమిషం పట్టదు. సి అని ఉంటే ఆ ఫోల్డర్‌ను డి లోకి కాపీ చేయండి. ఎఫ్‌ఎస్‌ఎక్స్ అయితే ఆ రెజిస్ట్రీ అరను ఎక్స్‌పోర్ట్ చేసి, ఎక్స్-ప్లేన్ అయితే ఆ నోట్‌ప్యాడ్ ఫైలును కాపీ చేసి అక్కడే పెట్టండి.

డబ్బుల సంగతి కూడా మాట్లాడుకుందాం, లేకపోతే ఇదంతా ఉచిత సలహా అయిపోతుంది. ఫార్మాట్‌కు మీరు తీసుకునే డబ్బే దీనికీ తీసుకోండి. "ఏం చేశావని, రెండు క్లిక్కులే కదా" అని బేరమాడే కస్టమర్లు ఉంటారని నాకు తెలుసు. మా కుర్రాళ్లకు నేను చెప్పి పంపుతాను, పీసీ ఖాళీ కాకుండా, రాత్రికి మళ్లీ ఎగరగలిగేలా తిరిగి ఇస్తే ఎవరూ బేరమాడరు. బిల్లు మీద 'సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం' అని మాత్రం రాయకండి. ఏ సిమ్యులేటర్, ఏ ఫోల్డర్ చూపించారు, ఏ ఫైలు మార్చారు అన్నది రెండు ముక్కలు రాసివ్వండి. ఇంకో యాడ్‌ఆన్ కొన్నప్పుడు ఆ కాయితం చూసి వాడే చేసుకుంటాడు, చేతకాకపోతే దాన్నే పట్టుకుని మీ దగ్గరికి వస్తాడు.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక సిమ్యులేటర్ అభిమాని